గుఱ్ఱాల వర్తకుని మనుమడు: సర్ మీర్జా ఇస్మాయిల్ జీవితం

ఉగాదినాడు బెంగుళూరులో మనం ఆరు రుచుల పచ్చడి చేసుకొంటాము. ప్రక్కింటి కన్నడిగులు వేపపువ్వూ బెల్లమూ కలిపి నోట వేసుకొంటారు. మధ్యాహ్నం వేళకు వారి ఒబ్బట్టు మన పళ్ళెంలోకీ, మన పులిహోర వారి పళ్ళెంలోకీ నడిచి వస్తవి. తిథి ఒకటే, పండుగ ఒకటే, పంచాంగం వినే ముచ్చటా ఒకటే. ఇంత చనువు ఉన్నప్పటికీ మన ఇళ్ళలో రెండు దిగుళ్ళు మాత్రం తీరలేదు. పిల్లలకు తెలుగు చదవను రాదని ఒక దిగులు. ఇన్నేండ్లై ఈ ఊళ్ళో ఉండి కన్నడం సరిగా రాలేదని మరొక దిగులు. మనం ఈ ఊరికి చుట్టపుచూపుగా వచ్చినవారమా, ఇంటివారమా అన్న ప్రశ్న ఆ రెండింటి వెనుకనూ ఉన్నది.

ఈ ప్రశ్నకు తన జీవితంతో జవాబు చెప్పిన మహనీయుడొకరు ఈ నగరంలోనే పుట్టి, ఈ నగరంలోనే కన్నుమూసినారు. ఆయన సర్ మీర్జా ఇస్మాయిల్. మైసూరు సంస్థానానికి పదిహేనేండ్లు దివానుగా ఉండి, పిమ్మట జయపురంలోను, చివరకు మన హైదరాబాదులోను ప్రధానులైనారు. బెంగుళూరుకూ తెలుగుదేశానికీ ఇద్దరికీ సంబంధించిన చరిత్ర గనుక ఆయన జీవితాన్ని ఈ సంచికలో తలచుకొనడం సముచితమని తోచింది.

మీర్జాగారి తాతగారి పేరు అలీ ఆస్కర్. పారశీక దేశంలోని షిరాజ్ నగరం వారిది. 1824వ సంవత్సరంలో గుఱ్ఱాలను తోలుకొని సముద్రం దాటి బెంగుళూరు వచ్చి, దండులోని ఇంగ్లీషు సైన్యానికీ, ముమ్మడి కృష్ణరాజ ఒడయరువారికీ వాటిని అమ్ముకొని, ఇక్కడనే నిలిచిపోయినారు. మైసూరు కమీషనరుగా ఉండిన సర్ మార్క్ కబ్బన్ దొరకు గుఱ్ఱాలంటే ప్రాణం; ఆయనతో ఈ వర్తకునికి చెలిమి కుదిరింది. వ్యాపారంలో గడించిన ధనంతో అలీ ఆస్కర్‌గారు దండు ప్రాంతంలో అనేకమైన బంగళాలు కట్టించినారు. కన్నింగ్‌హాం రోడ్డు చేరువను ఉన్న అలీ ఆస్కర్ రోడ్డుమీదుగా మనలో ఎందరో నిత్యం వెళ్ళివస్తూనే ఉంటారు. ఆ పేరుగలవాడు మనవలెనే పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఒక పరదేశి అని ఎరిగినవారు తక్కువ.

ఆ వంశంలో మీర్జాగారు 1883 అక్టోబరు 24వ తేదీన జన్మించినారు. మరుసటి యేడు జూనులో మైసూరు రాజకుమారుడు కృష్ణరాజ ఒడయరు జన్మించినారు. చామరాజేంద్ర ఒడయరు 1894లో అకాలమరణం పొందగా, పదేండ్ల బాలుడు రాజైనాడు, తల్లిగారు రాజప్రతినిధిగా పాలించినారు. బాలరాజుకు చదువు చెప్పడానికి స్టూవర్ట్ ఫ్రేజర్ అనే దొరను నియమించినప్పుడు, ఒంటరిగా చదివితే బుద్ధి వికసించదని, తోడుగా కొందరు ఈడు పిల్లలను కూర్చుకొన్నారు. వారిలో మీర్జా ఒకరు. ఒకరు నిష్ఠాగరిష్ఠుడైన హిందూ ప్రభువు, ఒకరు షియా ముస్లిము. ఒకే బల్లమీద పుస్తకాలు తెరిచి, ఒకే మైదానంలో గుఱ్ఱాలెక్కి పెరిగినారు. ఆ స్నేహం 1940లో మహారాజుగారు స్వర్గస్థులయ్యేదాకా చెక్కుచెదరలేదు. ఇకముందు చెప్పబోయే మంచికీ, కొంత చెడుకూ కూడ ఈ స్నేహమే వేరు.

బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో పట్టం పుచ్చుకొని, మీర్జాగారు మొదట పోలీసుశాఖలో చేరినారు. కొలదికాలానికే మహారాజుగారు తమ కార్యాలయానికి పిలిపించుకొని, 1922లో ఆంతరంగిక కార్యదర్శిగా చేసికొన్నారు. 1926 మే నెలలో దివాను పదవి ఇచ్చినారు. తాత ఈ గడ్డమీద కాలుపెట్టిన నూటరెండవ యేట మనుమడు సంస్థానానికంతకూ ప్రధానామాత్యుడైనాడన్న మాట.

ఆనాటి మైసూరు స్థితిని కొంచెం చెప్పుకొనక తప్పదు. బెంగుళూరు అప్పుడు రెండు ఊళ్ళు. పేట మహారాజుది, అక్కడ కన్నడంతోపాటు తెలుగూ మరాఠీ వినవచ్చేవి. దండు ఇంగ్లీషువారిది, అక్కడ అరవం, ఉర్దూ, ఇంగ్లీషు చెల్లేవి. సంస్థానపు ఉద్యోగాల విషయంలో పాత తగవొకటి ఉండేది. మద్రాసునుండి వచ్చిన చదువరులు పెద్ద పదవులన్నీ ఆక్రమించుకొన్నారని, మైసూరు మైసూరువారికే దక్కవలెనని ఒక పక్షం గట్టిగా వాదించేది. తరువాత బ్రాహ్మణేతర వర్గాలు తమకు పాలు దక్కలేదని అడుగసాగినవి. మహారాజుగారు 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన సంఘాన్ని వేసి, వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో ప్రత్యేకపు పాలు ఇవ్వడానికి పూనుకొన్నారు. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి ఇంటిపేరు తెలుగుదేశంలోని ఊరి పేరే. వారిది కన్నడదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబమే. యోగ్యతను ఒక్కదానినే చూడవలెనని, కులాన్ని చూస్తే పరిపాలన చెడుతుందని వారి నమ్మకం. ఆ భేదం కారణంగానే 1918లో వారు దివాను పదవిని వదలుకొన్నారు.

ఇందులో రెండు సిద్ధాంతాలు ఢీకొన్నవి. మనిషిని మనిషిగానే చూడు, అతని గుంపును చూడకు అనేది ఉదారవాదం. గుంపులవారీగా జరిగిన అన్యాయాన్ని గుంపులవారీగానే సరిదిద్దవలసి ఉంటుంది అనేది సామాజిక న్యాయవాదం. ఈ రెండింటికీ చుట్టరికం కలది మూడవది, ఈనాడు బహుసంస్కృతివాదం అని పిలువబడుతున్నది. వేరువేరు భాషలు, మతాలు, ఆచారాలు కలవారు తమ తమ ప్రత్యేకతను వదలుకొనకుండానే ఒక రాజ్యంలో సమానులుగా నిలువవచ్చునని, అందుకు రాజ్యమే పూనుకొని తోడ్పడవలెనని దాని సారం. కెనడా దేశం 1971లో దానిని తన ప్రభుత్వ విధానంగా ప్రకటించి, 1988లో చట్టం చేసింది. మీర్జాగారి కాలానికి ఆ మాట పుట్టలేదు. మాట లేకున్నా పని నడిచింది.

మీర్జాగారి పని ఎట్టిదో బెంగుళూరులో నడిచేవారికి ఇప్పటికీ కళ్ళకు కనబడుతుంది. తెల్లవారకముందే బయలుదేరి వీధులు చూచివచ్చే అలవాటు ఆయనది. మురుగుకాలువ పొంగినా, చెట్టు ఎండినా, దీపం వెలగకున్నా ఆ శాఖాధికారికి ఆ పూటే శ్రీముఖం వెళ్ళేదని ప్రతీతి. పౌరసభాభవనం, అనగా నేటి టౌనుహాలు, 1935లో ఆయన హయాములోనే తెరువబడింది. కృష్ణరాజసాగరపు కట్ట క్రింద బృందావనం వెలసింది. మండ్యలో చక్కెర మిల్లు, భద్రావతిలో కాగితపు మిల్లు, బెంగుళూరులో పింగాణి కర్మాగారం నెలకొన్నవి. వాల్‌చంద్ హీరాచంద్ సేఠు విమానాల కర్మాగారం పెట్టడానికి తావు వెదుకుతూ ఉండగా, మైసూరు ప్రభుత్వం స్థలమూ మూలధనమూ ఇచ్చి, 1940లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌ను బెంగుళూరుకు రప్పించింది. మన తెలుగువారు ఎన్ని వేలమంది ఆ కర్మాగారం నీడన సంసారాలు నిలుపుకొన్నారో చెప్పనక్కరలేదు.

ఈ పనులకు ఆయన ఎవరిని పిలిచినారో గమనించండి. తోటల కళకు క్రుంబీగల్ అనే జర్మనుడు సాయపడినాడు. 1939లో ఆటో కోనిగ్స్‌బెర్గర్ అనే యువ వాస్తుశిల్పిని మైసూరు ప్రభుత్వం పనిలో చేర్చుకొన్నది. ఈయన యూదుడు, హిట్లరు ప్రభుత్వం తరిమివేయగా దేశం విడిచినవాడు. ఒకే జాతి, ఒకే రక్తం అనే సిద్ధాంతం ఐరోపాను కాల్చుతూ ఉన్న కాలంలో, ఆ మంట నుండి పారివచ్చినవానికి, హిందూ రాజు కొలువులోని ముస్లిము దివాను పని చూపినాడు. పరదేశి మనుమడైన మీర్జాగారికి పరదేశి కష్టం తెలియడంలో వింత లేదు.

అయినా అంతా సవ్యంగా జరిగిందనుకొంటే పొరబాటు. 1928 జూలైలో బెంగుళూరు సుల్తానుపేటలో ఒక పాఠశాల ఆవరణలోని వినాయక విగ్రహం విషయమై వివాదం రేగింది. విద్యార్థులు వీధులకెక్కినారు, నాయకులను నిర్బంధించినారు, చివరకు హిందూ ముస్లిము కలహంగా మారి రక్తం చిందింది. దివాను ముస్లిము కాబట్టే ఇట్లు జరిగిందని పలువురు నిందించినారు. ప్రభుత్వం విచారణకు ఒక సంఘాన్ని నియమించి, దానికి విశ్వేశ్వరయ్యగారినే అధ్యక్షులను చేసింది. ఎవరి మాటకూ జంకనివారు, ప్రభుత్వానికి మొగమాటపడనివారు అని పేరుపొందిన పెద్దమనిషిచేత తీర్పు చెప్పించుకొనడానికి సిద్ధపడడం మెచ్చదగినదే. ఆ సంఘం కలహపు కారణాలతో ఆగలేదు. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావలసి ఉన్నదని కూడ సూచించింది. అసలు మందు అదే. మీర్జాగారు ఆ మందును పూర్తిగా పుచ్చుకొనలేదు.

గాంధీమహాత్ముడు 1927లో జబ్బుపడి నందికొండమీద, బెంగుళూరులోను విశ్రాంతి తీసికొన్నప్పుడు సంస్థానం ఆయనను అతిథిగా ఆదరించింది. లండనులో 1930, 1931 సంవత్సరాలలో జరిగిన రౌండు టేబిలు సమావేశాలలో మీర్జాగారు సంస్థానాల ప్రతినిధిగా పాల్గొని, దేశమంతా ఒక సమాఖ్య కావలెనని వాదించినారు. ముస్లిములు వేరొక జాతి అనే సిద్ధాంతాన్ని ఆయన జీవితాంతమూ ఒప్పుకొనలేదు. జిన్నాగారి మార్గానికి ఆయన బాహాటంగా ఎదురు నిలిచినారు. ఇద్దరూ ముస్లిములే, ఇద్దరూ పాశ్చాత్య విద్య నేర్చినవారే. వేరువేరు సంస్కృతులు ఉన్నవన్న మాటలో వారికి భేదం లేదు. సంస్కృతి వేరైతే రాజ్యమూ వేరు కావలెనని ఒకరు అన్నారు. ఒకే ఇంట్లో ఉండడానికి అది అడ్డం కాదని మరొకరు అన్నారు. బహుసంస్కృతివాదానికీ ద్విజాతి సిద్ధాంతానికీ దారులు చీలేది ఈ మెట్టుదగ్గరనే.

ఇక విదురాశ్వత్థం సంగతి. గౌరీబిదనూరు తాలూకాలో, ఉత్తరపినాకిని ఒడ్డున, హిందూపురానికి చేరువగా ఉన్న తీర్థం అది. ఆ చుట్టుప్రక్కల పల్లెలలో తెలుగు మాట్లాడేవారే మెండు. చైత్రమాసపు తిరునాళ్ళకు తెలుగువారూ కన్నడిగులూ కలిసి వస్తారు. 1938 ఏప్రిల్ 25వ తేదీన, నిషేధాజ్ఞను లెక్కచేయక కాంగ్రెసువారు అక్కడ జాతీయపతాకాన్ని ఎగురవేయడానికి గుమికూడినప్పుడు పోలీసులు కాల్పులు జరిపినారు. చనిపోయినవారు పదిమంది అని ప్రభుత్వ లెక్క. ముప్పైమందికి పైమాటే అని జనం చెప్పుకొనే లెక్క. దివాను మీర్జాగారే. తిరునాళ్ళకు పోయిన బిడ్డ ఇంటికి రాకపోతే ఆ తల్లికి టౌనుహాలు అందం ఏమి ఓదార్పు?

విచారణకు తెలుగువారైన సర్ వేపా రామేశంగారి అధ్యక్షతన సంఘం ఏర్పడింది. సర్దార్ పటేలు, ఆచార్య కృపలానీ బెంగుళూరు వచ్చి మీర్జాగారితో మాట్లాడినారు. సంస్థానపు జెండాతోపాటు జాతీయ జెండా కూడ ఎగురవచ్చునని రాజీ కుదిరింది. రెండు జెండాలు ఒకే చోట ఎగిరితే ఆకాశం విరిగిపడలేదు. ఆ రాజీ ఒక నెల ముందే కుదిరి ఉంటే విదురాశ్వత్థంలో అశ్వత్థవృక్షం క్రింద రక్తం చిందేదికాదు కదా అని నేటికీ అనిపిస్తుంది.

మీర్జాగారి రాజకీయానికి ఇక్కడ హద్దు తెలుస్తుంది. ఏ మతంవారినీ, ఏ భాషవారినీ చిన్నచూపు చూడకుండా పాలించడం ఆయనకు వచ్చును. పాలించబడేవారిచేతికే తాళంచెవి ఇవ్వడం ఆయనకు రాలేదు. మంచి యజమాని ఇంట అందరికీ సుఖమే, కాని ఆ సుఖం యజమాని మంచితనంమీదనే వ్రేలాడుతూ ఉంటుంది. జాతీయవాదులు అడిగింది దయ కాదు, హక్కు. 1940 ఆగస్టులో కృష్ణరాజ ఒడయరువారు పరమపదించగా, మరుసటి యేడే మీర్జాగారు దివాను పదవి విడిచినారు. ఒక స్నేహంమీద నిలిచిన అధికారం ఆ స్నేహితునితోనే ముగిసింది.

జయపురంలో 1942 మొదలు నాలుగేండ్లు ప్రధానిగా ఉండి, ఆ నగరానికి క్రొత్త అందం తెచ్చినారు. అక్కడి ముఖ్యవీధికి నేటికీ మీర్జా ఇస్మాయిల్ రోడ్డు అనే పేరు. 1945లో అఖిలభారత రచయితల సభ ఆయన ఆతిథ్యంలో ఆ ఊళ్ళో జరిగింది. పిమ్మట 1946లో నిజాము ఆహ్వానంపై హైదరాబాదు చేరినారు.

హైదరాబాదు మైసూరుకు తిరగవేసిన బొమ్మ. మైసూరులో ప్రభువు హిందువు, దివాను ముస్లిము. హైదరాబాదులో ప్రభువు ముస్లిము, ప్రజలలో అత్యధికులు హిందువులు. వారిలో తెలుగువారే ఎక్కువ, కాని కచేరీలో తెలుగుకు తావు లేదు. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోగా గేలిచేసి కూర్చోబెట్టినారు. ఆ రాత్రి కలిగిన అవమానంలోనుండే ఆంధ్రజనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్రమహాసభ అయింది. సంఖ్యలో అధికులైనా మాటలో అల్పులుగా బ్రతుకవలసి వచ్చిన తెలుగువారి గాథ అది. పాలకుల సంస్కృతి ఒక్కటే సంస్కృతి అనుకొన్న చోట, ఎంత సొగసైన నగరమైనా ప్రజలకు పరాయిదే అవుతుంది.

మీర్జాగారు హైదరాబాదులో చేయదలచినది రాజీ. భారతదేశంతో సంస్థానం తగవులేకుండా సర్దుకొనవలెనని, పరిపాలనలో హిందువులకు పాలు పెరగవలెనని ఆయన ఉద్దేశం. ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌వారు ఆయనను మతద్రోహిగా చూచినారు. జిన్నాగారికి ఆ నియామకమే గిట్టలేదు. కాంగ్రెసువారు అరకొర సంస్కరణలు చాలవని, ఎన్నికలను బహిష్కరించినారు. తెలంగాణా పల్లెలలో దొరల గడీలకూ వెట్టిచాకిరికీ ఎదురుతిరిగి రైతులు కమ్యూనిస్టుల నాయకత్వాన లేచినారు. మీర్జాగారి ప్రభుత్వం వారిని బలప్రయోగంతోనే అణచజూచింది. దున్నేవానికి భూమి లేకున్నా, పొయ్యిలో నిప్పు లేకున్నా, ఏ భాషలో ప్రభుత్వం నడిచినా ఒకటే అని సామ్యవాదులు చెప్పిన మాటలో నిజం కొంత ఉన్నది. సంస్కృతులకు గౌరవం చేసినంతమాత్రాన కడుపు నిండదు. ఆ సంగతి మీర్జాగారు చూడవలసినంతగా చూడలేదు. నాలుగు వైపుల ఒత్తిడిలో పది నెలలైనా నిలువలేక, 1947 మేలో రాజీనామా ఇచ్చి బెంగుళూరు చేరినారు. ఆయన చెప్పిన రాజీ వినని ఫలం 1948 సెప్టెంబరులో ఆ సంస్థానం అనుభవించింది. రజాకార్ల దౌర్జన్యాలు, పోలీసుచర్య, దానివెంట జరిగిన ఘోరాలు ఇరుమతాలవారికీ కన్నీళ్ళు మిగిల్చినవి.

దేశం రెండుగా చీలినప్పుడు మీర్జాగారు ఇల్లు మార్చలేదు. ఆయనకు ఇల్లు బెంగుళూరే. కొంతకాలం ఐక్యరాజ్యసమితి పక్షాన ఇండోనేసియాలో పనిచేసి, 1954లో తన ప్రజాజీవితాన్ని గ్రంథంగా ప్రకటించి, 1959 జనవరి 5వ తేదీన తన డెబ్బదియైదేండ్ల వయస్సులో ఈ నగరంలోనే పరమపదించినారు.

ఆయన ప్రభువులమీద ఆధారపడి చేయజూచిన దానిని మన రాజ్యాంగం 1950లో ప్రజల హక్కుగా చేసింది. తన భాషనూ, లిపినీ, సంస్కృతినీ కాపాడుకొనే హక్కు ఏ జనసముదాయానికైనా కలదని ఇరవైతొమ్మిదవ అధికరణం చెప్పుతున్నది. 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడినప్పుడు, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో దొరికే ఏర్పాటు చేయవలెనని మరొక అధికరణం చేర్చినారు. భాషను ఆధారం చేసుకొని రాష్ట్రం కోరి, పొట్టి శ్రీరాములుగారి ప్రాణాన్ని ధారపోసి సాధించుకొన్న జాతి మనది. మన రాష్ట్రంలో మన భాషకు ఏ గౌరవం కోరుకొన్నామో, కన్నడిగులు తమ రాష్ట్రంలో తమ భాషకు అదే కోరుకొంటే అందులో తప్పేమున్నది? మన హక్కును మనం అడుగవచ్చును. వారి గడ్డమీద వారి భాష నేర్చుకొనకుండా అడగడం మాత్రం న్యాయం కాదు.

అలీ ఆస్కర్‌గారు తెచ్చిన గుఱ్ఱాలు ఎన్నడో పోయినవి. ఆ ఇంటివారు తమ మతాన్ని మానుకొనలేదు, ఊరినీ పరాయిదనుకొనలేదు. మీర్జాగారి గొప్పతనం నుండి మనం తీసికొనవలసింది ఆ ఇంటిదనం. ఆయన పొరబాటునుండి నేర్చుకొనవలసింది మరొకటి ఉన్నది: కలిసి ఉండడమనేది పెద్దలు దయతో ఇచ్చేది కారాదు, వీధివీధినా ఇరుగుపొరుగులు సమానంగా కూర్చొని నిలుపుకొనవలసినది. ఈ పండుగనాడు పిల్లవానికి తెలుగు ఓనమాలు దిద్దించే తల్లి, ఆ సాయంత్రమే ప్రక్కింటి అజ్జిదగ్గర కన్నడపు అక్షరాలు కూడ దిద్దించగలిగితే, షిరాజ్ వర్తకుని మనుమడు నడిచిన దారిలో మనమూ ఒక అడుగు వేసినట్లే.